పది ముడుల తాడు

నాకు లెక్క రాదని మా వీధి వీధంతా అనుకుంటోంది. కాబట్టి ముందు లెక్కే చెప్పేస్తాను. ఆ పిల్లల బడిలో నేను పనిచేసింది పందొమ్మిదేళ్ల మూడు నెలలు. నా చెయ్యి పట్టుకుని వీధిలో నడక నేర్చినవాళ్లు రెండు వందల పైచిలుకు. వాళ్లను బజారుకీ పార్కుకీ బస్టాపుకీ తీసుకెళ్లి మళ్లీ తీసుకొచ్చిన రోజులు ఎన్నో నాకే గుర్తులేదు. అన్ని రోజుల్లోనూ నా చేతిలోంచి తప్పిపోయిన పిల్ల ఒక్కతే. జనానికి ఆ ఒక్కతే గుర్తుంది.

బడి అంటే పలకా బలపం ఉండే బడి కాదు. అమ్మానాన్నలు ఉద్యోగాలకు పోతూ రెండేళ్ల పిల్లల్నీ మూడేళ్ల పిల్లల్నీ పొద్దున అప్పజెప్పి సాయంత్రం తీసుకుపోయే చోటు. కింద రెండు గదులు, మోకాలెత్తు కుళాయిలు, గోడకి వరసగా చిన్న చిన్న మేకులు, మేకుకొక సంచి. రోడ్డుకి అవతలివైపు పెద్ద బడి ఉంది. రెండూ పెద్ద మేడమ్‌వే. ఇక్కడ చేరితే అక్కడ సీటు ఖాయమని సగంమంది పిల్లల్ని చేర్చేవాళ్లు. నేను ఆయాను. ముక్కులు తుడవడం, ముడ్లు కడగడం, ఏడిస్తే ఎత్తుకోవడం, ఎత్తుకుంటే ఏడ్చేవాళ్లను దించడం నా పని. పిల్లలు ఆయమ్మా అనేవాళ్లు, వాళ్లను చూసి పెద్దవాళ్లూ అలాగే అనేవాళ్లు.

తాడు మాత్రం నా సొంత బుర్రలోంచి వచ్చింది. లావుపాటి నూలుతాడుకి రెండు మూరలకొక ముడి చొప్పున పది ముడులు వేసి, ముడి ముడికీ పాత చారల దిండుగలీబు చింపి కుట్టిన గుడ్డరింగు తగిలించాను. పదిమంది పిల్లలు, పది రింగులు. బయటికి వెళ్లేటప్పుడు ముందు కొస టీచరమ్మ పట్టుకునేది, వెనక కొస నేను. గేటు దగ్గర, రోడ్డు దాటే ముందు, దాటాక, మలుపు తిరిగాక ఆగి, ఒక్కొక్కరినీ పిలిచేదాన్ని. అసలు పేర్లతో కాదు. అసలు పేర్లు అమ్మానాన్నలు పెట్టుకున్నవి, నేను పెట్టినవి నావి.

"తాతయ్యా!" అంటే చేతులు వెనక్కి కట్టుకుని నడిచే మూడేళ్ల పెద్దమనిషి "ఊఁ" అనేవాడు. "గంటా!" అంటే "ణంగ్" అని వీధి దద్దరిల్లేది. "ఏడుపూ!" అంటే "ఏడవట్లే" అని జవాబొచ్చేది, ముక్కు ఎగబీలుస్తూనే. అలా తొమ్మిదిమందీ పలికాక చివర "పిట్టా!" అనేదాన్ని. పిట్ట పలికేది కాదు. రెండున్నర దాటినా దానికి మాట రాలేదు. పదో రింగు ఎప్పుడూ దానిదే, నా పక్కనే. పేరు పిలవగానే తాడుని రెండుసార్లు లాగేది. టక్, టక్. అది నా అరచేతికి తెలిసేది.

పిట్ట వాళ్లమ్మ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. సాయంత్రం వచ్చేసరికి చేతులు స్పిరిటు వాసన కొడుతుండేవి. చెప్పులు విప్పకుండానే అడిగేది.

"ఇవాళేమైనా మాట్లాడిందా ఆయమ్మా?"

"ఆరుసార్లు పిలిచాను, ఆరుసార్లూ లాగిందమ్మా. ఈసారి గట్టిగా లాగింది."

అది విని ఆవిడ నవ్వేది. నా మాట మీద ఆవిడకి అంత గురి. ఆ గురి గురించే ఇదంతా చెప్పుకొస్తున్నాను. ఉద్యోగం పోతే పోయింది, వెధవ ఉద్యోగం.

నిరుడు పెద్ద మేడమ్‌కి పుస్తకం పిచ్చి పట్టింది. రెండేళ్ల పిల్లలకి అంకెలు నేర్పే బొమ్మల పుస్తకం. పేరు 'బయటికెళ్దాం, లెక్కపెడదాం'. మన పిల్లలు రోజూ బయటికి వెళ్తారు కదా, బజార్లో బుట్టలు, బస్టాపులో బస్సులు, పార్కులో ఉయ్యాలలు, అవన్నీ ఒకటి నుంచి పదిదాకా బొమ్మలుగా వేయిస్తే బాగుంటుందని ఆవిడ ఆలోచన. ఆలోచన మంచిదే, కాదనను. కూరగాయల బండి దగ్గర వంకాయలు లెక్కపెట్టించడం, పోస్టాఫీసులో స్టాంపు గుద్దే చప్పుళ్లు లెక్కపెట్టించడం పందొమ్మిదేళ్లుగా నేను చేస్తున్నదే. అది పుస్తకం అవుతుందని నాకు తట్టలేదు, ఆవిడకి తట్టింది.

బొమ్మలు వేయడానికి ఒకాయన్ని పిలిపించారు. సన్నగా, పొడుగ్గా, మెడలో పెన్సిళ్ల సంచీతో ఉండేవాడు. మంచివాడే అనుకున్నాను. వారం రోజులు మా వెంట తిరిగాడు. ఎక్కడ పడితే అక్కడ కూలబడి గీసేవాడు. ఏది చూస్తే అది అచ్చం అలాగే దింపేసేవాడు. నా ఏప్రన్ జేబుకి ఊడిన కుట్టుతో సహా వేశాడొకసారి. "ఉన్నదాన్ని వదిలేస్తే నాకు నిద్రపట్టదు ఆయమ్మా" అన్నాడు. అబ్బో, అనుకున్నాను.

మేడమ్ పిల్లలందరికీ పసుపుపచ్చ టోపీలు కుట్టించింది, బొమ్మలో ముచ్చటగా ఉంటుందని. అంచుకి ఇలాస్టిక్. బిగుతుగా ఉండి చెవుల మీద ఎర్రగా చారలు పడేవి. పిల్లలు పీకెయ్యడం, మేము మళ్లీ తగిలించడం, ఇదే సరిపోయింది వారమంతా. టీచరమ్మ కొత్తది, చేరి రెండు వారాలు. ఇంకా ఎవరు గంటో ఎవరు ఏడుపో దానికి తెలియదు. ఫోనులో ఫొటోలు తియ్యడం మాత్రం బాగా తెలుసు.

గురువారంనాడు గేటు దగ్గర నేను మామూలుగా పిలవడం మొదలుపెట్టాను. తాతయ్యా, గంటా... మేడమ్ చెయ్యెత్తి ఆపింది.

"ఆపు ఆపు. ఏంటా పేర్లు? ఏడుపూ, గంటా... ఎవరైనా వింటే ఏమనుకుంటారు? అంకెల పుస్తకం చేస్తున్నాం మనం. పిల్లల చెవిలో అంకెలు పడాలి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టు చాలు."

"అది కాదు మేడమ్, పిట్టకి మాట రాదు కదా. పేరు పెట్టి పిలిస్తేనే తాడు లాగుతుంది. అంకె చెబితే అది తననే అని దానికేం తెలుస్తుంది?"

"పదిమందిని లెక్కపెట్టడానికి ఇంత తతంగమా? అది కూడా చేతకాకపోతే చెప్పు, చేతనైనవాళ్లను చూసుకుంటాను."

బొమ్మలాయన పక్కనే ఉన్నాడు. టీచరమ్మ పక్కనే ఉంది, టోపీ ఒకటి చేత్తో పట్టుకుని. నా మొహం మాడిపోయింది. ఇంకొకత్తె అయితే అక్కడే తాడు పడేసి వచ్చేసేది. నేను పడెయ్యలేదు. ఇంతకంటే వెధవపని చేశాను. రోషానికి పోయాను. సరే, మీకు అంకెలే కావాలి కదా, అంకెలే చెబుతాను, అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు అనుకున్నాను.

మర్నాడు పార్కు. చివరి బొమ్మ ఆ రోజుది. పదిమంది పిల్లలు తాడు పట్టుకుని వరసగా పార్కు గేటులోంచి బయటికి నడిచి వెళ్లడం, పది అంకెకి. పిల్లలు గంటసేపు ఆడారు. ఇక బయల్దేరదాం అనేసరికి పిట్ట జారుడుబల్ల దగ్గర బోర్లాపడి మోకాలు చెక్కుకుపోయింది. బెంచీ మీద కూర్చోబెట్టి నా చేతిరుమాలు దాని మోకాలికి కట్టాను. నీలిగళ్ల రుమాలు. ఒక మూల ఇస్త్రీపెట్టె అంటుకుని గోధుమరంగు మచ్చ పడింది, దాన్ని పారెయ్యలేక వాడుతున్నాను. పిట్ట ఏడవలేదు. టోపీ పీకి బెంచీ మీద పెట్టి, ఆ గళ్ల మీద వేలు జరుపుతూ కూర్చుంది.

"ఆయమ్మా, ఎంతసేపు? ఎండ మారిపోతోంది!" మేడమ్ అరిచింది.

"పిట్టా, వచ్చి నీ రింగు పట్టుకో" అని చెప్పి నేను లేచాను. అది లేచే ఉంటుందనుకున్నాను. ప్రతిరోజూ లేచేది కాబట్టి.

రోజూ నేను నిలబడేది వెనక. ఆ రోజు మేడమ్ నన్ను ముందుకి పొమ్మంది. "నువ్వు ముందు కొస పట్టుకుని గేటు బయటికెళ్లిపో, బొమ్మలో కనబడకు. టీచరమ్మ వెనక నిలబడుతుంది" అంది. టీచరమ్మ కొత్త డ్రస్సులో వచ్చింది మరి. బొమ్మలాయన అప్పటికే పిట్ట ఉన్న బెంచీకి ఎదురుగా గడ్డిలో చతికిలబడి పుస్తకం తెరిచాడు. నేను ముందు కొస పట్టుకుని వెనక్కి తిరిగి, అక్కణ్ణుంచే పసుపు టోపీల మీద వేలు ఊపుతూ లెక్కపెట్టాను. కావాలనే, మేడమ్‌కి వినబడాలని గొంతెత్తి లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు. చివర పది అని ఖంగుమనిపించాను.

"చూశావా, ఎంత తేలికో?" అంది మేడమ్.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి వెనక్కి నడిచి పదో టోపీ కింద మొహం చూసుంటే నా సొమ్మేం పోయేది? చూడలేదు. ఒట్టు పెట్టుకున్నాను కదా. రోడ్డు దాటే ముందు లెక్కపెట్టాను, పది. దాటాక లెక్కపెట్టాను, పది. టీచరమ్మ తాడు వదిలేసి పక్కన నడుస్తూ ఫొటోలు తీసుకుంటోంది. తాడు నా చేతిలో ఉంది గానీ ఎవరూ దాన్ని రెండుసార్లు లాగలేదు. లాగలేదన్న సంగతి నా అరచేతికి తెలుస్తూనే ఉంది. పేరు పిలవలేదు కదా, ఎందుకు లాగుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

బడిలోకి వచ్చాక టోపీలు తీస్తున్నాం. పదో టోపీ తీస్తే కింద ఒక మగపిల్లాడు. గుండ్రటి మొహం, ఎక్కడో పడ్డాడేమో పై పళ్లు రెండు ఊడి ఉన్నాయి, నన్ను చూసి నవ్వుతున్నాడు. నేనెప్పుడూ చూడని పిల్లాడు. ఎవరి పిల్లాడో పార్కులో ఆడుకుంటూ ఆడుకుంటూ, బెంచీ మీద టోపీ కనబడితే పెట్టుకుని, ఖాళీ రింగు కనబడితే పట్టుకుని మా వెంట వచ్చేశాడు. వాడి దృష్టిలో అదొక ఆట.

"పిట్టేదీ?" అన్నాను.

నాకు యాభై ఆరేళ్లు. ఆ పిల్లాణ్ణి చంకనేసుకుని పార్కుదాకా పరిగెత్తాను. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలియదు. పార్కు గేటు దగ్గరే వాడి అమ్మమ్మ గుండెలు బాదుకుంటూ ఎదురొచ్చింది. పిల్లాణ్ణి లాక్కుని, "మా వాణ్ణి ఎక్కడికి ఎత్తుకుపోతున్నావే?" అని నా వీపు మీద రెండు వేసింది. వేయనివ్వండి. నేనయినా వేసేదాన్నే. బెంచీ ఖాళీగా ఉంది. బొమ్మలాయన లేడు. గడ్డిలో పెన్సిలు చెక్కిన పొట్టు కనబడింది.

పిట్ట వెనక గేటు దగ్గర దొరికింది. పార్కు వాచ్‌మన్ చేతుల్లో ఉంది. అది రోడ్డు మధ్యలోకి వెళ్లి నిలబడి వచ్చే బస్సుల్ని చూస్తోందట. ఒక డ్రైవరు సడన్‌గా బ్రేకు తొక్కితే బస్సులోవాళ్లంతా ముందుకు పడ్డారట. "మూరెడు దూరంలో ఆగిందమ్మా" అన్నాడు వాచ్‌మన్, చేత్తో మూర కొలిచి చూపిస్తూ. దాని మోకాలికి రుమాలు లేదు, ఎక్కడో జారిపోయింది. నన్ను చూసి నా ఏప్రన్ గుప్పెట పట్టుకుంది. నేను అక్కడే కూలబడి గట్టిగా ఏడ్చాను.

మర్నాడు పొద్దున పెద్ద మేడమ్ గదిలో కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారనడం మర్యాదకి, నేను నిలబడే ఉన్నాను. పిట్ట వాళ్లమ్మ కుర్చీలో ఉంది. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. బొమ్మలాయన కిటికీ దగ్గర, టీచరమ్మ తలుపు దగ్గర.

"పదికి పదిమందీ ఉన్నారమ్మా. మూడుసార్లు లెక్కపెట్టాను" అన్నాను. ముందుగా నా నోట్లోంచి అదే వచ్చింది. క్షమించమని అడగాల్సింది పోయి లెక్క చెప్పాను.

"పదిమందీ ఉంటే నా కూతురు బస్సు ముందెలా నిలబడింది ఆయమ్మా?"

"టోపీలు లెక్కపెట్టానమ్మా. నన్ను పిలవనివ్వలేదు. పేరు పెట్టి పిలిచుంటే తాడు లాగలేదని అక్కడే తెలిసిపోయేది."

పెద్ద మేడమ్ గొంతు ఎంత మెత్తగా ఉందో చెప్పలేను. "ఆయమ్మా, పందొమ్మిదేళ్లు చేశావు, నాకూ బాధగానే ఉంది. వయసు మీదపడింది, లెక్క తప్పింది. అందరికీ జరిగేదే. ఒప్పుకుంటే మర్యాదగా ఉంటుంది. నా మీదికి తొయ్యకు."

"టీచరమ్మా, నువ్వు చెప్పమ్మా. పేర్లు పిలవొద్దన్నారా, అనలేదా? పక్కనే ఉన్నావు కదా."

టీచరమ్మ గోళ్లు చూసుకుంది. "నేను టోపీలు పెడుతున్నానండి. సరిగా వినలేదు."

సరే, దాని బతుకు దానిది, చేరి రెండు వారాలే. నేను బొమ్మలాయన వైపు తిరిగాను. "బాబూ, బెంచీ ఎదురుగా కూర్చున్నావు కదా. పిల్ల అక్కడే ఉండిపోయిందే, చూడలేదా?"

"లేదు ఆయమ్మా. వరస గేటు దగ్గరికి వెళ్లేలోపే నేను లేచి వచ్చేశాను. అక్కడ పిల్లలెవరూ లేరు." కాస్త ఆగి, పిట్ట వాళ్లమ్మకేసి చూసి అన్నాడు, "ఉంటే చూసేవాణ్ణి కదండీ. చూడ్డమే కదా నా పని."

అప్పుడు పిట్ట వాళ్లమ్మ నన్ను అడిగింది. కోపంగా కాదు. కోపంగా అడిగినా బాగుండేది.

"నీకు పదిదాకా లెక్కపెట్టడం కూడా రాదా ఆయమ్మా? నీ మాట నమ్మి రోజూ వదిలి వెళ్లాను కదా."

తాడు మాత్రం వాళ్లే ఉంచుకున్నారు. బడి సామాను అన్నారు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్నాను. రెండుచోట్ల పని అడిగాను. ఇద్దరూ, "మీరేనా, ఆ పార్కు..." అని ఆగిపోయారు. మా అమ్మాయి మంచిదే, అత్తయ్యకి ఏ లోటూ రానివ్వకూడదని మా అల్లుడూ చూస్తాడు. కానీ మనవణ్ణి వీధి చివరిదాకా తీసుకెళ్తానంటే మాత్రం మా అమ్మాయి, "ఉండమ్మా, నేనూ వస్తాను" అని చెప్పులు వేసుకునేది. కడుపున పుట్టినదానికే నమ్మకం లేదు. ఇంకెవరినని ఏం లాభం?

పోయిన నెలలో మనవడికని మా అమ్మాయి పుస్తకం కొనుక్కొచ్చింది. అట్ట చూడగానే తెలిసింది. పసుపు టోపీలు. అట్ట మీద పెద్ద మేడమ్ పేరు, కింద బొమ్మలాయన పేరు. "నీకు బాధ అనిపిస్తుందేమో, వెనక్కి ఇచ్చేయనా?" అంది మా అమ్మాయి. "ఇవ్వక్కర్లేదు, ఇటు తే" అన్నాను.

వెనకనుంచి తెరిచాను. పది, పదిమంది పిల్లలు. నా తాడు, నా దిండుగలీబు రింగులు, చారలతో సహా. ముందు కొస మేడమ్ పట్టుకుంది, వెనక టీచరమ్మ. నేను లేను, ఉంటాననీ అనుకోలేదు. పదో రింగు దగ్గర టోపీ కింద గుండ్రటి మొహం, పై పళ్లు రెండు లేవు. ఎవరి పిల్లాడో వాడు. టీచరమ్మ తీసిన ఫొటోలు చూసి దింపేసుంటాడు బొమ్మలాయన. నా లెక్క తప్పలేదని అచ్చేసి అమ్ముతున్నారు. చదివేవాళ్లెవరికీ అది తెలియదు. నాకు పిచ్చినవ్వు వచ్చింది. మా అమ్మాయి భయపడింది.

తర్వాత మొదటి పేజీ తిప్పాను.

ఒకటి. ఒక పాప. బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది, టోపీ లేకుండా. మోకాలికి నీలిగళ్ల రుమాలు కట్టి ఉంది. రుమాలు మూల గోధుమరంగు మచ్చ. వేలితో గళ్ల మీద జరుపుతోంది. బొమ్మలో వెనకాల, దూరంగా పార్కు గేటు. గేటులోంచి చిన్న చిన్న పసుపు చుక్కలు వరసగా బయటికి వెళ్లిపోతున్నాయి.

ఆ రుమాలు నేను కట్టింది బయల్దేరే ముందు. పిల్ల దొరికేసరికి అది లేదు. మచ్చతో సహా దాన్ని చూడగలిగినవాడు ఆ కాసేపట్లో చూసినవాడే. వరస వెళ్లిపోవడం చూశాడు. పిల్ల వెనక ఉండిపోవడం చూశాడు. పిల్ల కదలకుండా కూర్చుందని సంతోషించి బొమ్మ పూర్తి చేసుకున్నాడు. పూర్తయ్యాక లేచి, దాన్ని అక్కడే వదిలేసి పోయాడు. ఒక్క కేక, "ఆయమ్మా" అని ఒక్క కేక వేసుంటే నేను గేటు దగ్గరే ఉన్నాను. మా అమ్మాయికి చూపిస్తే చాలాసేపు చూసి, "అమ్మా, నేను కూడా నిన్ను..." అని ఏదో అనబోయింది. నేను చెప్పులు వేసుకుంటున్నాను అప్పటికే.

పిట్ట వాళ్లమ్మ తలుపు తీసి నన్ను చూసి ఒక్క క్షణం తలుపు పట్టుకుని నిలబడింది. లోపలికి రమ్మంది. మర్యాదస్థురాలు. సోఫా పక్కన బల్ల మీద ఆ పుస్తకమే, ఒకటి కాదు, మూడు.

"చూశావా ఆయమ్మా?" అంది, తనే మొదటి పేజీ తెరిచి. "మా పిట్టే. మేడమ్ పిలిచి మూడు పుస్తకాలు ఊరికే ఇచ్చారు. ల్యాబులో అందరికీ చూపించాను. కళ్లు చూడు, అచ్చం దాని కళ్లే. ఎంత బాగా వేశాడో!"

"బాగానే వేశాడమ్మా. ఆ మోకాలి గుడ్డ చూడు. మూల మచ్చ చూడు. అది నా రుమాలు. ఆ రోజు పార్కులో కట్టాను. నీ కూతురు రోడ్డు మీద దొరికేసరికి లేదది. గేటు దగ్గర చూడు, మా వరస వెళ్లిపోతోంది. ఆయన పిల్లలెవరూ లేరన్నాడు, గుర్తుందా? చూడ్డమే నా పని అన్నాడు."

ఆవిడ వంగి చూసింది. పరీక్షనాళికలో రక్తం రంగు చూసే మనిషి, కన్ను మోసపోదు. మచ్చ మీద వేలు పెట్టింది. గేటు మీద పెట్టింది. ఆ వేలు అక్కడే ఉండిపోయింది. ఆవిడకి అర్థమైంది. అర్థమవడం నేను కళ్లారా చూశాను. ఎనిమిది నెలలుగా నేను అడిగిందల్లా అదే.

తర్వాత ఆవిడ పుస్తకం మూసేసింది. మూసి, మిగతా రెండింటి మీద అంచులు కలిపి సర్దింది.

"ఇప్పుడెందుకులే ఆయమ్మా ఇవన్నీ" అంది. నా వైపు చూడలేదు. "వచ్చే నెల నుంచి దీనికి పెద్ద బడి. మేడమే పిలిచి సీటిచ్చారు. మాటలు కూడా వచ్చేశాయి. అయిందేదో అయిపోయింది, దేవుడి దయవల్ల ఏం కాలేదు. మళ్లీ కెలుక్కోవడం దేనికి?"

ఆవిడ స్థానంలో నేనున్నా అంతేనేమో. కానీ నేను ఆవిడ స్థానంలో లేను, నా స్థానంలో ఉన్నాను.

మాట మార్చడానికి ఆవిడ లోపలికి కేకేసింది. పిట్ట వచ్చింది. ఒళ్లు చేసింది, జుట్టు పెరిగింది. నన్ను చూసి గుమ్మంలో ఆగింది.

"ఎవరొచ్చారో చూడు, ఆయమ్మ! ఆయమ్మకి అంకెలు చెప్పమ్మా. నువ్వు పుస్తకం చూసి నేర్చుకున్నావే, చెప్పు."

పిట్ట చేతులు కట్టుకుని నిలబడి చెప్పింది. ఒకటి, రెండు, మూడు. దాని గొంతు నేను వినడం అదే మొదటిసారి. సన్నగా, కొంచెం బొంగురుగా ఉంది. ఎక్కడా తడబడకుండా పదిదాకా చెప్పి ఆగింది.

"చూశావా, ఒక్కటి కూడా తప్పలేదు" అంది వాళ్లమ్మ.

"ఆ రోజు నేనూ ఒక్కటి కూడా తప్పలేదమ్మా" అన్నాను.

నేను లేచాను. గుమ్మం బయట వంగి చెప్పులు వేసుకుంటుంటే వెనకాల చిన్న పాదాల చప్పుడు వినబడింది. పాత అలవాటు, నోరు ఊరుకోలేదు. వెనక్కి తిరక్కుండానే, "పిట్టా" అన్నాను.

నా భుజాన ఉన్న సంచీ పట్టీ కదిలింది. ఎవరో రెండుసార్లు లాగారు.

"లోపలికి రామ్మా, చెప్పుల దగ్గర ఏం పని నీకు?" అని వాళ్లమ్మ దాని చెయ్యి విడిపించి లోపలికి తీసుకెళ్లింది. నేను రెండో చెప్పు కూడా వేసుకునేలోపే తలుపు గడియ పడింది.